తోడల్లుడి వెంట నడిచిన ఎర్రర్

ఆ మందుల డిపోలో సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ భూతద్దం అనేవాళ్ళు. ఎదురుపడితే సార్ అనేవాళ్ళనుకోండి, అది వేరే సంగతి. ఆ పేరు ఊరికే రాలేదు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే మనిషి ఆయన. ఎవరైనా "చొక్కా బాగుందండీ" అంటే సంతోషపడడు. ముందు చొక్కా చూసుకుంటాడు, తర్వాత అన్నవాడి మొహం చూస్తాడు, వీడికి నాతో ఏం పనిపడిందా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు. ఇంట్లో భార్య "కూర ఎలా ఉందండీ?" అని మామూలుగా అడిగితే, చెయ్యి కంచంలోనే ఆపి "ఎందుకడుగుతున్నావు?" అంటాడు. ఆవిడ కొన్నాళ్ళు చూసి అడగడం మానేసింది.

నిజం చెప్పుకోవాలంటే ఆ గుణమే ఆయనకింత అన్నం పెట్టింది. ఒకసారి సర్వర్ లోపలి నుంచి వచ్చే చప్పుడు కాస్త తేడాగా ఉందని పట్టుబట్టి, అందరూ నవ్వుతున్నా వినకుండా, అందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి ఎక్కించాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే పాత డిస్కు చచ్చి ఊరుకుంది. అప్పటినుంచీ డిపో నడిపే మేనేజరమ్మకి ఆయన మాటంటే గురి. యంత్రాల్ని అనుమానిస్తే ఎవరికీ నష్టం లేదు, వాటికి మనసు కష్టపడదు. ఈయనతో వచ్చిన చిక్కల్లా యంత్రాన్నీ మనిషినీ ఒకే గాటన కట్టడం.

డిపో మేడ మీద పొడుగాటి గది. ఊళ్ళో మందుల షాపులవాళ్ళు ఫోన్లు చేస్తే, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాళ్ళు వరుసగా కూర్చుని, ఆ ఆర్డర్లు వెబ్‌సైటులో ఎక్కిస్తుంటారు. కింద గోడౌనులో మందులు సర్దుతారు. పొడుగాటి గది చివర సర్వర్ గది, గాజు గోడలది. ఆ గాజుకి భూతద్దం నల్ల ఫిల్మ్ అంటించుకున్నాడు. లోపలి నుంచి బయటివాళ్ళు కనిపిస్తారు, బయటివాళ్ళకి లోపల ఎవరున్నదీ తెలియదు. ఎండ పడుతోందని అంటించానన్నాడు. ఆ గదికి ఏ వైపు నుంచీ ఎండ రాదు.

అలాంటి ఆయన దగ్గరికి తోడల్లుడి సంగతి వచ్చిపడింది. భార్య చెల్లెలి మొగుడు. అతను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి చాలాకాలంగా ఇంట్లోనే కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. బస్సులో పక్కవాడు "కాస్త ఈ సంచి పట్టుకో" అని దిగిపోతే, వాడు మళ్ళీ ఎక్కుతాడని చివరి స్టాపు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఘనుడు.

"మా చెల్లి మొహం చూడలేకపోతున్నానండీ," అంది భార్య. "మీ డిపోలో ఆర్డర్లు రాసుకునే సీటు ఖాళీ ఉందన్నారుగా. ఒక్క మాట చెప్పండి."

"నా మాట మీద చేరాక, రేపతను ఏదైనా గోల్‌మాల్ చేస్తే నా మెడకి చుట్టుకుంటుంది."

"మా మరిదా? గోల్‌మాలా? ఆ మాటకి అర్థం కూడా తెలీదు ఆ మనిషికి."

"తెలీనట్టు కనబడేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు భూతద్దం. అయినా ఇంట్లో బతకాలి కాబట్టి చెప్పాడు. కొన్నాళ్ళు చూసి, పని నచ్చితే పర్మినెంటు చేస్తానంది మేనేజరమ్మ. తోడల్లుడు మొదటి రోజు కొత్త చెప్పులేసుకుని వచ్చి, "మీ పేరు చెడగొట్టనన్నయ్యా," అన్నాడు. ఎవరూ అడగకుండా ఆ మాట ఎందుకన్నాడా అని భూతద్దం ఆ రోజంతా ఆలోచించాడు.

ఆ వారమే తోడల్లుడి మీద నిఘా పెట్టాడు. అదెలాగో చెప్పాలంటే కాస్త లోపలి సంగతి చెప్పాలి. మనం తెర మీద బటన్ నొక్కినప్పుడల్లా ఒక రిక్వెస్టు సర్వర్ దగ్గరికి వెళ్తుంది. అది ఉత్త చేతులతో వెళ్ళదు. పార్సిల్ మీద చీటీ అంటించినట్టు దాని తల మీద కొన్ని వరుసలుంటాయి. ఫలానా బ్రౌజర్ నుంచి వస్తున్నాను, ఫలానా భాషలో జవాబు కావాలి, పొద్దున లాగిన్ అయిన మనిషిని నేనే, ఇదిగో గుర్తు. వీటిని హెడర్లంటారు. అందులో కుకీ అని ఒక వరుసుంది. సర్వర్ "ఇది దాచుకో" అని ఇచ్చిన ముక్కని బ్రౌజర్ దాచుకుని, వెళ్ళిన ప్రతిసారీ మోసుకెళ్ళి చూపించాలి. భూతద్దం కన్ను ఆ వరుస మీద పడింది.

సిబ్బంది మీద నిఘా పెట్టాలంటే మేనేజరమ్మ అనుమతి కావాలి. అతను ఏం చేస్తున్నాడో సర్వర్‌లో రాసిపెడితే, ఆ వెబ్‌సైటు కట్టిచ్చిన కంపెనీవాళ్ళ కంట పడుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా, ఒక్క తోడల్లుడి లాగిన్‌కి మాత్రమే వర్తించేలా చిన్న ప్రోగ్రాం రాశాడు. అతను ఏ పేజీ తెరిచినా ఒక గుర్తు అతని కుకీలో చేరుతుంది. ఆ గుర్తుల్ని అతని బ్రౌజరే మోసుకొస్తుంది, వచ్చినవి వచ్చినట్టు భూతద్దం గాజుగదిలో తన పేజీ తెరిచి చూసుకుంటాడు. బ్రౌజర్ మూసేస్తే అన్నీ చెరిగిపోతాయి. సర్వర్‌లో ఆనవాలుండదు. మొదట్లో చివరి ఇరవై గుర్తులే నిలిచేలా పెట్టాడు, పాతవి వాటంతటవే రాలిపోయేవి.

కళ్ళల్లో వత్తులేసుకుని చూసినా ఏమీ దొరకలేదు. అతను ఆర్డర్ల పేజీ తెరుస్తాడు, రాస్తాడు, పంపిస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. ఇంత శుభ్రంగా ఎవరుంటారు? ఆ శుభ్రమే భూతద్దానికి మింగుడుపడలేదు.

ఒకరోజు నీళ్ళ సీసా నింపుకోడానికి సీట్ల మధ్య నుంచి వెళ్తుంటే, తోడల్లుడు ఈయన్ని చూసి చటుక్కున తెర మీది పేజీ మూసేశాడు. మొహం ఎర్రబడింది. భూతద్దం ఏమీ చూడనట్టు సీసా నింపుకుని గదిలోకి పోయి, ప్రోగ్రాం తెరిచి, ఇరవై అన్న హద్దు తీసేశాడు. ఇకనుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ ఒక్క గుర్తూ రాలిపోకూడదు. పైగా ప్రతి గుర్తు పక్కనా ఏ షాపు, ఏ మందు, ఎంతసేపు చూశాడు అన్నది కూడా చేర్చాడు. దొరుకుతావులే నాయనా అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తోడల్లుడు గాజుగది తలుపు తట్టాడు.

"అన్నయ్యా, ఏదో తెల్ల పేజీ వచ్చింది. ఐదొందలు అని ఉంది."

"ఏం నొక్కావు?"

"పంపించు అని నొక్కాను."

"దానికి ముందు?"

"షాపాయన చెప్పింది రాశాను."

"ఇంకేమీ నొక్కలేదు?"

"లేదన్నయ్యా."

ఆ "లేదన్నయ్యా" అన్న తీరు భూతద్దానికి నచ్చలేదు. నిజం చెప్పేవాడు అంత మెత్తగా చెప్పడని ఆయన లెక్క. గట్టిగా చెప్పి ఉంటే, అబద్ధం కాబట్టే గట్టిగా చెబుతున్నాడు అనుకునేవాడు.

ఐదొందల ఎర్రర్ అంటే సర్వర్ చేతులెత్తేసిందని అర్థం. ఎందుకెత్తేసిందో ఆ పేజీ చెప్పదు. భూతద్దం లాగ్‌లు, అంటే సర్వర్ ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టాలు, తెరిచాడు. ఆ సర్వర్‌లో రెండు అంచెలున్నాయి. ముందున్నది వాకిట్లో కూర్చుని వచ్చిన రిక్వెస్టుల్ని లోపలికి పంపుతుంది, లోపలున్నది అసలు పని చేస్తుంది. వాకిటి లాగ్‌లో రిక్వెస్టు వచ్చిందనీ, ఐదొందలు చెప్పి తిప్పి పంపామనీ ఉంది. లోపలి లాగ్‌లో ఆ సమయానికి ఏమీ లేదు. అసలు అలాంటి రిక్వెస్టే రాలేదన్నట్టు ఖాళీ. ఇంకొకరైతే అక్కడ ఆగి, వాకిటికీ లోపలికీ మధ్య ఏం జరిగిందా అని చూసేవాళ్ళు. భూతద్దం మాత్రం, దీని వెనక ఎవరో తెలిసినవాళ్ళున్నారు, మనవాడికి నేర్పిస్తున్నారు అనుకున్నాడు.

తోడల్లుడి లాగిన్‌తో తన కంప్యూటర్ నుంచి అదే ఆర్డరు పంపిచూశాడు. నిక్షేపంగా వెళ్ళింది. అంటే లాగిన్‌లో తప్పు లేదు, ఆర్డరులో తప్పు లేదు. తోడల్లుడి సీటు మార్చి, అక్కడ పక్క సీటావిణ్ణి కూర్చోబెట్టాడు. ఆవిడ సాయంత్రం దాకా ఆర్డర్లు ఎక్కించింది, ఒక్క ఎర్రరూ లేదు. తోడల్లుడు ఆవిడ సీట్లో కూర్చున్నాడు. భోజనాల దాకా బాగానే ఉంది, ఆ తర్వాత అక్కడా తెల్ల పేజీ. కేబుల్ మార్చాడు, కీబోర్డు మార్చాడు, బ్రౌజర్ తీసేసి మళ్ళీ వేశాడు. బ్రౌజర్ మూసి తెరిస్తే కాసేపు బాగుంటుంది. కానీ రాస్తున్న ఆర్డరు గాల్లో కలిసిపోతుంది. కాసేపటికి మళ్ళీ మొదలు.

తప్పు కంప్యూటర్‌లో లేదు, సీటులో లేదు, వైరులో లేదు. మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తోంది. ఇంకేం కావాలి? సర్వర్ పాడైనప్పుడు "నిన్న ఎవరు ఏం మార్చారు?" అన్నది భూతద్దం మొదటి ప్రశ్న. ఈసారి కూడా ఆ ప్రశ్న అందర్నీ అడిగాడు. తనని తప్ప.

ఆఫీసంటే తెలుసుగా, ఏ మాటా నేలమీద పడనివ్వరు. నాలుగు రోజుల్లో తోడల్లుడికి ఐదొందలు అని పేరు పెట్టేశారు. "ఐదొందలు వచ్చాడా?" "ఐదొందలు భోజనానికెళ్ళాడు." మొదట నవ్వులాటే. తర్వాత నవ్వు పోయి భయం మిగిలింది. పక్క సీటావిడ ఒకరోజు మొహమాటపడుతూ, "ఏమనుకోకండి, మీ చెయ్యి మంచిది కాదేమోనండీ. నా మౌస్ మాత్రం ముట్టుకోకండి," అంది. అతను ఏమీ అనుకోలేదు. అదే అసలు బాధ. అవునేమో అనుకున్నాడు. ఆ తర్వాత ప్రింటర్‌లో కాగితం పెట్టాలన్నా ఎవరినో ఒకర్ని బతిమాలుకునేవాడు. "పంపించు" నొక్కే ముందు వేలు గాల్లో ఆపి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు.

భూతద్దం అది గాజు వెనక నుంచి చూశాడు. నొక్కే ముందు ఏదో చేస్తున్నాడని ఖాయం చేసుకుని, గుర్తుల్లో ఇంకాస్త వివరం చేర్చాడు. ఆ మర్నాటి నుంచి తెల్ల పేజీ భోజనాల దాకా కూడా ఆగలేదు, పొద్దున కాఫీ వేళకే రావడం మొదలైంది.

ఇంట్లో భార్య ఊరుకోలేదు. "మీరే కదండీ చూసేది. కాస్త సరిచెయ్యొచ్చు కదా."

"సరిచెయ్యడానికి తప్పు మిషన్లో ఉండాలి కదా."

"అంటే ఏంటి మీ ఉద్దేశం?"

"నేనేమన్నాను?"

"మీరు అనకుండా అన్నదే ఎక్కువ," అని ఆవిడ విసురుగా లేచిపోయింది.

ఇంతలో ఒక షాపువాళ్ళ ఆర్డరు ఆ తెల్ల పేజీలో కొట్టుకుపోయింది. అందులో ఫిట్స్ వచ్చే ఓ పిల్లకి రోజూ వేసే మందుంది. షాపువాళ్ళు వస్తుందని ఎదురుచూశారు, రాలేదు. ఆ పిల్ల తండ్రి మందు కోసం ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగాడు. దొరికింది, పిల్లకేం కాలేదు. కానీ షాపాయన ఫోన్లో అరిచిన అరుపులు గదంతా వినబడ్డాయి. మేనేజరమ్మ తోడల్లుణ్ణి పిలిచి, "శనివారం దాకా చూస్తాను. మళ్ళీ ఇలా జరిగితే నీకూ నాకూ సరిపడదు," అంది. అతను బయటికి వచ్చి, తన సీటు దాటి గది చివరిదాకా నడిచిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాడు. మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేని ఆ రోజులంటే అతనికి ఎంత హడలో అతని భార్యకి తెలుసు, వదినకి తెలుసు. భూతద్దానికి కూడా తెలుసు.

శనివారం అతన్ని పట్టుకుని తీరాలని భూతద్దం వాకిట్లో వల పన్నాడు. అతని కంప్యూటర్ నుంచి వచ్చే రిక్వెస్టుల్ని తల నుంచి తోక దాకా, హెడర్లతో సహా, యథాతథంగా ఒక ఫైల్లో దాచేలా పెట్టాడు. వాడేదో దొంగ వరుస చేర్చి పంపిస్తుంటాడు, అది దీన్లో పడుతుంది అన్నది ఆయన ఆలోచన. ఆ రోజు భోజనాలకి ముందే తెల్ల పేజీ వచ్చింది. మేనేజరమ్మ సోమవారం నుంచి రావద్దంది. తోడల్లుడు హెడ్‌ఫోను తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టి, గాజుగది వైపొచ్చి నిలబడ్డాడు. లోపల భూతద్దం ఉన్నదీ లేనిదీ అతనికి కనబడదు. కాసేపు చూసి, "వెళ్ళొస్తానన్నయ్యా," అని గాజుకి చెప్పి వెళ్ళిపోయాడు.

సోమవారం ఒక్క ఎర్రరూ రాలేదు. మంగళవారమూ రాలేదు. పొడుగాటి గదిలో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మనిషి పోయాడు, ఐదొందలూ పోయింది, ఇంక రుజువెందుకు అనుకున్నారు. మేనేజరమ్మ మాత్రం, "అతనెలా చేశాడో రాసివ్వండి, ఫైల్లో ఉండాలి," అంది భూతద్దంతో.

రాయడానికి కూర్చుని శనివారం పట్టిన ఫైలు తెరిచాడు. పైన మామూలు వరుసలే. సైటు పేరు, బ్రౌజర్ పేరు, భాష. ఒక్కోటి ఒక్క వరుస. తర్వాత కుకీ. అది ఒక్క వరుసలో ఆగలేదు. తెర నిండింది. కిందికి జరిపితే ఇంకో తెర నిండింది. జరుపుతూనే ఉన్నాడు, అది అయిపోవడం లేదు. షాపు పేర్లు, మందుల పేర్లు, ఎంతసేపు చూశాడన్న అంకెలు. ఆ పొడి అక్షరాలు, ఆ కుదింపులు ఎవరివో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నీ తను పెట్టినవే.

ఆ క్షణంలో కూడా ఆ మహానుభావుడికి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు నమ్మరు. వీడు నా నిఘా కనిపెట్టి, కావాలనే నా గుర్తుల్ని పెంచి పంపిస్తున్నాడు అనుకున్నాడు. అనుకుని, అది నిజమని తేల్చుకోడానికి ఆ ప్రోగ్రాంని తన లాగిన్‌కే తగిలించుకుని, వాకిట్లో వలని కూడా తన కంప్యూటర్ వైపు తిప్పాడు. తన మీద తనే నిఘా పెట్టుకుని, రోజూ చేసే పనే చేసుకుంటూ కూర్చున్నాడు. పొద్దుటి పూట బాగానే గడిచింది. భోజనం చేసొచ్చి ఏదో పేజీ నొక్కాడు. తెల్లగా, ఐదొందలు.

ఇంక అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. లోపలి సర్వర్‌కి ఒక హద్దుంది. హెడర్లు ఇంతకి మించితే అసలు చదవదు, గుమ్మంలోనే తోసేస్తుంది. చదవలేదు కాబట్టే దాని లాగ్ ఖాళీ. గుర్తులు పోగుపడే కొద్దీ కుకీ బరువెక్కి, ఆ హద్దు దాటి, తెల్ల పేజీ వచ్చేది. బ్రౌజర్ మూస్తే కుకీ చెరిగి మళ్ళీ తేలికపడేది. తను అనుమానం పెంచినప్పుడల్లా గుర్తులు పెరిగాయి, ఎర్రర్లు పెరిగాయి, వాటిని చూసి అనుమానం ఇంకా పెరిగింది. తోడల్లుడు ఏ సీట్లో కూర్చున్నా తప్పు వెంట వెళ్ళిందంటే, దాన్ని అతని నెత్తిన పెట్టింది ఈయనే.

వాకిట్లో పట్టిన తన గుర్తుల్ని చదువుకున్నాడు. పొద్దుటి నుంచి తను ఏయే పేజీలు తెరిచాడో అన్నీ అందులో ఉన్నాయి. సగానికి పైగా ఒకే పేజీ, తోడల్లుడి గుర్తులు చూసే పేజీ. అతను లేడు, ఉద్యోగం లేదు, గుర్తులు లేవు. ఆ ఖాళీ పేజీని తను పొద్దుటి నుంచి మాటిమాటికీ తెరిచి చూస్తున్నాడని భూతద్దానికి అప్పటిదాకా తెలియదు.

ఆ ప్రోగ్రాం తీసెయ్యడం చిటికెలో పని. తీసేశాడు. ఇంక ఎవరికీ ఏమీ తెలియదు, తెలిసే దారి కూడా లేదు. కానీ ఇలా గుట్టుగా తీసేస్తే ఎర్రర్లు మళ్ళీ ఎన్నటికీ రావు. రాకపోవడమే ఆ తోడల్లుడి నేరానికి సాక్ష్యం అయి కూర్చుంటుంది. అది తట్టేసరికి ఆయన కుర్చీలో నిలవలేకపోయాడు. అయినా మేనేజరమ్మ గది దాకా వెళ్ళేసరికి గుండె చాలక, "రిపోర్టు రేపు ఇస్తాను మేడం," అనేసి ఊరుకోబోయాడు.

ఆవిడ నవ్వింది. "నిదానంగా ఇవ్వండి. మీ అనుమానం మాత్రం తప్పలేదు. ఇంకో మాట. ఆ పక్క సీటావిడ ఈ మధ్య తేడాగా ఉంటోంది. ఆవిడ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి."

వెళ్ళబోతున్న భూతద్దం వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర నిలబడే మొత్తం చెప్పేశాడు. కుకీ, గుర్తులు, హద్దు, అన్నీ. మేనేజరమ్మ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అయితే అతను ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదు మేడం."

"మరి అతను చేరినప్పటి నుంచీ నాకు చెప్పకుండా..." అని ఆగి, ఆవిడ చెయ్యి చాపింది. భూతద్దం సర్వర్ గది తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. గాజుకున్న నల్ల ఫిల్మ్ కూడా ఆ సాయంత్రమే పీకించేసింది.

తోడల్లుడి ఇల్లు ఇరుకు సందులో మేడ మీద. భూతద్దం వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. అతను నేల మీద కూర్చుని గోడకి ఆనుకున్నాడు. గదిలో చీకటి పడుతోంది. మరదలు వంటింట్లోంచి వచ్చి, "లైటు వేసుకోవచ్చు కదండీ," అని మొగుణ్ణి విసుక్కుని, తనే స్విచ్చి వేసింది. బావని చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆయన స్విచ్చి కూడా ముట్టుకోవడం లేదు బావా," అంది. "నా చెయ్యి మంచిది కాదు, నువ్వే వెయ్యి అంటున్నాడు. మిక్సీ నన్నే వెయ్యమంటాడు, ఫోను నన్నే చూడమంటాడు. మీ ఆఫీసువాళ్ళు ఏం చేశారు ఈ మనిషిని?"

భూతద్దం అక్కడే గుమ్మంలో కూర్చుని చెప్పాడు. మేనేజరమ్మకి చెప్పినంత తొందరగా చెప్పలేకపోయాడు. హెడరంటే ఏమిటో, కుకీ అంటే ఏమిటో చెప్పి, తన పేరు చెప్పాల్సిన చోట దాటవేసి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ ముక్క కూడా చెప్పాడు. తోడల్లుడు కళ్ళార్పకుండా విన్నాడు. చివరికి తన రెండు చేతులూ ముందుకి చాపుకుని చూసుకున్నాడు.

"అయితే వీటిలో ఏమీ లేదా అన్నయ్యా?"

"ఏమీ లేదు తమ్ముడూ."

అతను నవ్వాడు. నిజంగానే సంతోషం ఆ మొహంలో. "ఏమే, విన్నావా? నా చేతిది కాదటే," అని లేచి, లైటు ఆర్పి, మళ్ళీ వేసి చూశాడు. మరదలు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత అతని నవ్వు కొద్దిగా తగ్గింది. ఏదో తట్టినట్టు భూతద్దం వైపు తిరిగాడు.

"మరి మొదట్లో, నేను చేరిన వారమే ఎందుకు పెట్టారన్నయ్యా? అప్పటికి నేనేం చేశాను?"

"ఒకరోజు నన్ను చూసి పేజీ మూసేశావు," అన్నాడు భూతద్దం.

"అది తర్వాత కదా. మీరొస్తుంటే ఏం తప్పు పడతారో అని భయమేసి మూసేవాణ్ణి. ముందు ఎందుకు పెట్టారు?"

భూతద్దం సిగ్గుతో తల వంచుకుని లేచి వచ్చేశాడు.

తోడల్లుడు తిరిగి పనిలోకి వచ్చాడు. మేనేజరమ్మ అందరి ముందూ క్షమాపణ చెప్పి, ఆ నెలలోనే పర్మినెంటు చేసింది. పక్క సీటావిడ తన మౌస్ తెచ్చి అతని చేతిలో పెట్టి నవ్వించింది. భూతద్దం ఉద్యోగమైతే పోలేదు కానీ, పొద్దున గాజుగది మేనేజరమ్మే తెరుస్తుంది, ఇప్పుడాయన ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాలన్నా కంపెనీవాళ్ళు చూసి ఒప్పుకోవాలి. ఇంట్లో భార్య మళ్ళీ మాట్లాడుతోంది, అవసరమైనంత వరకు.

అంతా సర్దుకుందనే అనుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం వెబ్‌సైటు కాస్త మెల్లగా నడుస్తోంది, అందరికీ. తోడల్లుడు సీట్లోంచి లేచి గాజుగదికి వచ్చాడు.

"అన్నయ్యా, ఇవాళ ఏమైనా పెట్టారా?"

భూతద్దం ఉలిక్కిపడ్డాడు. "లేదు తమ్ముడూ. ఆర్డర్లు ఎక్కువగా వస్తున్నాయి, అందుకే ఆలస్యం."

"నా లాగిన్ మీద ఏమీ లేదా?"

"ఏమీ లేదు. కావాలంటే చూడు." తెర అతని వైపు తిప్పి, హెడర్లన్నీ తెరిచి చూపించాడు. కుకీ వరుస బెత్తెడు కూడా లేదు. తోడల్లుడు బల్ల మీదికి వంగి, వేలితో ఒక్కో అక్షరం కిందా గీస్తూ, అర్థం కాకపోయినా వదలకుండా, చివరిదాకా చదివాడు.

"ఇందులో లేదు," అన్నాడు. "ఇంకెక్కడైనా ఉండొచ్చు కదన్నయ్యా? నాకు కనబడని చోట?"

"ఎక్కడా లేదయ్యా. ఒట్టు."

"సరే అన్నయ్యా," అని అతను మర్యాదగా తలూపాడు. ముక్కూమొహం తెలియనివాడి సంచిని చివరి స్టాపు దాకా మోసిన మనిషి, సొంత తోడల్లుడి ఒట్టుని నమ్మలేదు. భూతద్దానికి ఏడుపొచ్చినంత పనయింది.

"నిజమే చెబుతున్నాను తమ్ముడూ," అన్నాడు మళ్ళీ. తోడల్లుడు అప్పటికే సీట్లోకి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున వచ్చి, అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.